మిత్రులు ఆగమన్నప్పుడు: ఆత్మరక్షణ హక్కు మీద నల్లగొండ ప్రసంగం

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థులు, పట్టణ పాఠకులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక రిటైర్డ్ రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళను ప్రశ్నలేమీ అడగను, భయపడకండి.

నాకిచ్చిన విషయం ఇది. ఒక దేశం మీద దాడి జరిగింది. మిత్రదేశాలు "ఆగు, తొందరపడకు" అంటున్నాయి. అయినా సరే తనను తాను కాపాడుకునే హక్కు ఆ దేశానికి ఉందా? ఒక్క మాటలో చెప్పమంటే, ఉంది. ఆ ఒక్క మాట చెప్పేసి, చాయ్ తాగి ఇళ్ళకు పోవచ్చు. కానీ హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకోగలగటం వేరు. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో, ఆ దూరంలో ఎంతమంది రాజులు, ఎంతమంది ప్రధానులు ఇరుక్కుపోయారో చెబుదామని వచ్చాను.

ముందు చట్టం సంగతి చూసేద్దాం. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాసుకున్నారు. అందులో 2వ అధికరణం నాలుగో క్లాజు ఏమంటుంది? ఏ దేశమూ ఇంకో దేశం మీద బలం ప్రయోగించకూడదు, బెదిరించకూడదు అంటుంది. మరి ఎవరైనా దాడి చేస్తే? దానికి 51వ అధికరణం ఉంది. సాయుధ దాడి జరిగితే, భద్రతా మండలి తగిన చర్యలు తీసుకునేదాకా, ఒంటరిగా గానీ ఇతరులతో కలిసి గానీ ఆత్మరక్షణ చేసుకునే సహజ హక్కుకు ఈ చార్టర్ అడ్డురాదు అని ఉంది. అంటే ఈ హక్కు సమితి దయతలచి ఇచ్చింది కాదు. ముందే ఉంది, సమితి ఒప్పుకుంది. తీసుకున్న చర్య గురించి వెంటనే భద్రతా మండలికి తెలియజేయాలి, అంతే.

"మండలి చర్యలు తీసుకునేదాకా" అన్నారు కదా. ఎప్పుడు తీసుకుంటుంది? అయిదు దేశాలకు వీటో ఉంది. అయిదుగురిలో ఒక్కరు కాదన్నా తీర్మానం పడిపోతుంది. పొలం ఒడ్డు జరిపినవాడే పెద్దమనిషికి అల్లుడైతే ఆ పంచాయితీ ఎప్పుడు తెగుతుంది? మీరంతా పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, మీకు నేను వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. 1986లో నికరాగువా, అమెరికా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఒక మాట తేల్చింది. మిత్రదేశం సాయానికి రావాలంటే, దాడికి గురైన దేశం తానే "నా మీద దాడి జరిగింది" అని చెప్పాలి, తానే సాయం అడగాలి. నీ మీద దాడి జరిగిందని నీ తరఫున నేను ప్రకటించి, నీ పేరు మీద నేను యుద్ధం చేయకూడదు. మరి నా తరఫున ప్రకటించే అధికారమే నీకు లేనప్పుడు, నన్ను ఆపే అధికారం నీకెక్కడిది? సలహా చెప్పొచ్చు. గట్టిగా చెప్పొచ్చు. అలగొచ్చు కూడా. చార్టర్‌లో ఎక్కడా "మిత్రుల అనుమతితో" అన్న ముక్క లేదు. కావాలంటే చదువుకోండి, పెద్ద పుస్తకమేమీ కాదు.

అట్లాగని హద్దు లేదా అంటే, ఉంది. 1837 డిసెంబరులో కెనడా తిరుగుబాటుదారులకు సరుకులు, ఆయుధాలు చేరవేస్తోందని కారొలైన్ అనే అమెరికా ఓడను బ్రిటిష్ పక్షంవాళ్ళు రాత్రిపూట నది దాటి వచ్చి తగలబెట్టారు. నయాగరా జలపాతం వైపు వదిలేశారు. ఆత్మరక్షణ కోసం చేశామన్నారు. దానికి అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ రాసిన జవాబు ఇప్పటికీ లా కాలేజీల్లో చెబుతారు. ఆలోచించుకునే క్షణం కూడా లేనంత తక్షణ అవసరం ఉండాలి, వేరే దారి ఉండకూడదు, చేసిన పని అవసరాన్ని మించకూడదు. అవసరం, మోతాదు. ఈ రెండూ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

చట్టం ఇక్కడితో చాలు. నాకు చెప్పాలని ఉన్నది మన నేల సంగతి.

ఇక్కడి నుంచి హైదరాబాదు పోతుంటే దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఎవరీ మూసారాం? మూసా రేమండ్ అనే ఫ్రెంచి సేనాని. మనవాళ్ళ నోట మూసారాం అయ్యాడు. రెండో నిజాం అలీఖాన్ దగ్గర పనిచేశాడు. గన్‌ఫౌండ్రీ అంటున్నామే, ఆ తోపుల కార్ఖానా కూడా ఆయన పెట్టించిందే. ఆయన సమాధి ఆ దగ్గరలోనే గుట్ట మీద ఉంది. సరే, ఆయనకూ మన విషయానికీ ఏం సంబంధం?

1790 నుంచి 1792 దాకా టిప్పు సుల్తాను మీద యుద్ధంలో నిజాం ఇంగ్లీషు కంపెనీ పక్షాన నిలబడ్డాడు. మిత్రుడన్నమాట. మూడేళ్ళు తిరగలేదు, 1795 మార్చిలో మరాఠాలు నిజాం మీదికి వచ్చారు. నిజాం కంపెనీ వైపు చూశాడు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ ఏమన్నాడు? మేం తటస్థం అన్నాడు. హైదరాబాదులోనే కంపెనీ పటాలాలు ఉన్నాయి, వాటికి నిజాం ఖజానా నుంచే డబ్బు పోతోంది. అయినా మరాఠాల మీదికి అవి కదలవు అన్నారు. డబ్బు ఈయనది, సైన్యం ఈయన ఊళ్ళోనే ఉంది, యుద్ధం ఈయన ఇంటి మీదికొచ్చింది. కదలలేదు. ఖర్దా దగ్గర నిజాం ఓడిపోయాడు. భూములు, డబ్బు ఇచ్చుకుని బయటపడ్డాడు.

అప్పుడు నిజాంకు కోపమొచ్చి ఆ ఇంగ్లీషు పటాలాలను పొమ్మన్నాడు. రేమండ్ కింద తన సైన్యాన్ని పెంచుకున్నాడు. ఆ రెండు మూడేళ్ళు గమనించండి. నిజాంకు సొంత నిర్ణయం అంటూ ఏదైనా ఉందంటే ఆ రెండు మూడేళ్ళే. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అప్పటికే వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా బయలుదేరాడు. అదే ఏడు సెప్టెంబరు 1న సైన్య సహకార ఒప్పందం మీద సంతకం అయిపోయింది. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న ఆ సైన్యమంతా ఆయుధాలు కింద పెట్టేసింది. పెద్ద యుద్ధమేమీ జరగలేదు. జీతాలు రాక సైనికులే అధికారుల మీద తిరగబడి ఉన్నారు.

డిగ్రీ వాళ్ళు ఈ ఒప్పందం షరతులు పరీక్షల కోసం బట్టీ పట్టి ఉంటారు. ఒక్కసారి నిజాం కుర్చీలో కూర్చుని చదవండి. కంపెనీ సైన్యం నీ రాజ్యంలో ఉంటుంది. ఖర్చు నీది. వేరే రాజులతో మాట్లాడాలంటే మాకు తెలియకుండా మాట్లాడకూడదు. బదులుగా? నిన్ను మేం కాపాడతాం. వినటానికి బాగానే ఉంది కదా! ఖర్దాలో దెబ్బతిన్నవాడికి ఇంకా బాగుంటుంది.

ఖర్చు ఎంతదాకా పోయిందో చూడండి. 1800లో సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు రాసిచ్చాడు. టిప్పు మీద యుద్ధాల్లో వాటాగా వచ్చిన భూమి అది. ఒక చేత్తో వచ్చింది, ఇంకో చేత్తో పోయింది. అవే దత్త మండలాలు. బళ్ళారి పోను, ఇప్పటి రాయలసీమలో చాలా భాగం అదే. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారా ఇక్కడ? అలంపూర్ వాళ్ళెవరైనా? తుంగభద్ర అవతలి ఒడ్డున కర్నూలు ఉంటుంది, ఇవతలి ఒడ్డున మీరుంటారు. బ్రిడ్జి మీద రాష్ట్రం మారుతుంది. ఆ గీత నిన్న మొన్న 2014లో గీసింది కాదు. దాని మూలం 1800 నాటి ఆ కాగితంలో ఉంది. ఒక రాజు తన రక్షణను గుత్తకిస్తే ఏమవుతుందో చూడటానికి మీరు పుస్తకం తెరవక్కర్లేదు, కర్నూలు బస్సెక్కితే చాలు. తర్వాత 1853లో, ఇంగ్లీషు అధికారుల కింద ఉండే కంటింజెంటు సైన్యం బాకీల కింద బీరారు కూడా పోయింది.

నిజాం మీద నాకు కోపం లేదు. పక్కన మరాఠాలు, కింద టిప్పు, సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళు. ఆయన స్థానంలో ఎవరున్నా మిత్రుణ్ణి వెతుక్కునేవాళ్ళే. ఆయన మిత్రుణ్ణి తెచ్చుకోవటం తప్పని నేనను. మిత్రుడికి కత్తీ, తాళం చెవీ రెండూ అప్పగించాడు.

ఇక్కడ పెద్దలు కొందరు నవ్వుతున్నారు, 1948 గురించి అడుగుతారని నాకు తెలుసు. అవును, 1948లో ఏడో నిజాం కూడా భద్రతా మండలికి ఫిర్యాదు చేశాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 16న మండలిలో చర్చకొచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. చట్టం ప్రకారం హైదరాబాదు స్వతంత్ర దేశమా కాదా అని పండితులు వాదించుకోవచ్చు. నల్లగొండలో నిలబడి నేను అడిగేది వేరు. సొంత ప్రజల మీదికి రజాకార్లను వదిలినవాడు, ఊళ్ళు తగలబడుతుంటే చూస్తూ కూర్చున్నవాడు, "నన్ను కాపాడుకునే హక్కు నాకుంది" అంటే ఆ "నేను"లో ఎవరున్నారు? మన జిల్లాలో జనం వడిసెలలు, బర్మారు తుపాకులు పట్టుకుని కాపాడుకున్నది తమను. ఆయన్ను కాదు.

సరే, స్వతంత్ర భారతానికొద్దాం.

1965. ఆగస్టులో పాకిస్తాన్ కాశ్మీరులోకి చొరబాటుదారులను పంపింది. సెప్టెంబరు 1న ఛంబ్ దగ్గర ట్యాంకులతో వచ్చింది. అఖ్నూర్ వంతెన పోతే కాశ్మీరుకు దారి తెగుతుంది. లాల్ బహదూర్ శాస్త్రి ఏం చేశాడు? సెప్టెంబరు 6న పంజాబులో అంతర్జాతీయ సరిహద్దు దాటించి సైన్యాన్ని లాహోరు వైపు నడిపించాడు. బ్రిటన్ ప్రధాని విల్సన్ మనల్నే తప్పుపట్టాడు. అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. చూడటానికి సమన్యాయం. కానీ పాకిస్తాన్ దగ్గరున్న ప్యాటన్ ట్యాంకులు ఎవరివి? అమెరికావే.

ఆయుధాలు ఆపితే మనకు పెద్ద నష్టం లేదు. అసలు మెలిక గోధుమల దగ్గర ఉంది. పీఎల్-480 అని పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. అమెరికా గోధుమలు. అప్పటిదాకా ఏళ్ళ తరబడికి ఒప్పందం ఉండేది. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ దాన్ని కుదించి కొద్దికొద్దిగా, నెలల లెక్కన వదలటం మొదలుపెట్టాడు. ఓడ వస్తే తిండి, రాకపోతే లేదు. 1966లో మనం దిగుమతి చేసుకున్న తిండిగింజలు కోటి టన్నులకు పైన. అంత ధాన్యం పరాయివాడి ఓడలో ఉన్నప్పుడు లాహోరు వైపు నడవమని ఆజ్ఞ ఇవ్వటానికి ఎంత గుండె కావాలి? వారానికి ఒక పూట భోజనం మానేయండని శాస్త్రి జనాన్ని అడిగాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అడగండి, మానేసినవాళ్ళు ఉంటారు.

మరి మన నాగార్జునసాగర్ ఎడమ కాలువ పేరేంటి? ఎవరైనా చెప్పండి. కుడి కాలువ జవహర్ కాలువ. ఎడమది? మిర్యాలగూడ అబ్బాయికి కూడా తెలియదు! లాల్ బహదూర్ కాలువ. మనం ఎడమ కాలువ, ఎడమ కాలువ అని అలవాటు పడిపోయి ఆయన పేరు మర్చిపోయాం. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ నీళ్ళు వదిలింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లో ఆ నీళ్ళు పారాయి. మిర్యాలగూడ రోడ్డు మీద వరుసగా రైసు మిల్లులు కనిపిస్తాయి కదా. రక్షణ శాఖ బడ్జెట్‌లో వాటి పద్దు ఉండదు. నన్నడిగితే ఉండాలంటాను. ఓడ కోసం ఎదురుచూసే దేశానికి 51వ అధికరణం ఎంత గట్టిగా చదివి వినిపించినా లాభం లేదు.

1971 ఇంకా ఆసక్తికరం. ఎందుకంటే అప్పుడు ఎదుటివాళ్ళే కాదు, మన మిత్రులు కూడా ఆగమన్నారు. తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు వచ్చిపడ్డారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో స్నేహ ఒప్పందం చేసుకున్నాం. దాడి ముప్పు వస్తే పరస్పరం సంప్రదించుకోవాలని అందులో ఉంది. సంప్రదించుకోవాలి. అనుమతి తీసుకోవాలి అని లేదు. 1798 కాగితానికీ, 1971 కాగితానికీ తేడా అదే. రష్యావాళ్ళు కూడా మొదట్లో యుద్ధం వద్దు, రాజకీయ పరిష్కారం చూడండి అనే చెప్పారు. ఇందిరాగాంధీ విన్నది. విని, ఐరోపా, అమెరికా తిరిగి అందరికీ చెప్పింది. నవంబరులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను కలిసింది. ఆ సమావేశం ఎంత చల్లగా జరిగిందో ఆ తర్వాత బయటపెట్టిన కాగితాల్లో ఉంది. నిక్సన్ వాడిన భాష ఆడపిల్లలున్న సభలో చెప్పేది కాదు.

డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది. ఆ రాత్రే మన విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలను రష్యా వీటో చేసింది. సర్వసభ్య సభలో 104 దేశాలు ఆపమన్నాయి, వద్దన్నవి 11. నూట నాలుగు! లోకమంతా ఒకవైపు ఉన్నట్టే. అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు కదిలింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మరుసటి రోజే ఇందిరాగాంధీ పశ్చిమాన కూడా ఏకపక్షంగా కాల్పులు ఆపేసింది. పశ్చిమాన పొడిగించొద్దని మిత్రులు చెప్పిన మాట అక్కడ విన్నది. ఇందాక మోతాదు అన్నాను చూడండి, ఇదే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. డిసెంబరు 3కు ముందే మనం తూర్పు పాకిస్తాన్‌లో పోరాడుతున్న ముక్తివాహినికి శిక్షణ ఇస్తున్నాం, నవంబరు చివర్లో మన దళాలు సరిహద్దు దాటాయి. ఎదుటివాడు దాన్నే దాడి అంటాడు. ఆత్మరక్షణ అన్నమాట ప్రతివాడి జేబులోనూ ఉంటుంది. అందుకే లెక్క అడిగేవాళ్ళు కూడా ఉండాలి.

బయటి దేశాల సంగతి గబగబా చెప్పేస్తాను, టైము చూస్తున్నారు మా అధ్యక్షులు.

ఇజ్రాయెల్‌కు 1967లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ ఇద్దరూ పొరుగు అరబ్బు దేశాల మీద మొదటి దెబ్బ కొట్టొద్దన్నారు. కొట్టింది. ఆరు రోజుల్లో గెలిచింది. ఆ ఆరు రోజుల్లో పట్టుకున్న నేల గొడవ ఇప్పటికీ తెగలేదు, కాబట్టి గెలిచిందని చెప్పి నేను చప్పట్లు కొట్టను. 1973లో దాడి జరగబోతోందని ఆ ఉదయమే తెలిసింది. సేనాధిపతి ముందే విమానాలు పంపుదామన్నాడు. ప్రధాని గోల్డా మెయిర్ వద్దంది. ముందు మనం కొడితే అమెరికా సాయం రాదు అన్నది ఆమె లెక్క. రెండున్నర వేల మందికి పైగా సైనికులు చనిపోయారు. అమెరికా ఆయుధాలు విమానాల్లో వచ్చాయి. ఆమె చేసింది తప్పా ఒప్పా అని అక్కడివాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 1991లో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం స్కడ్ క్షిపణులు వేస్తుంటే ప్రధాని షమీర్ తిరిగి కొట్టలేదు. కొడితే అరబ్బు దేశాలు అమెరికా కూటమి నుంచి తప్పుకుంటాయి, సద్దాంకు కావలసింది అదే. షమీర్ మెత్తనివాడేమీ కాదు. ఆగటం కూడా ఆయన తీసుకున్న నిర్ణయమే. మిత్రుడి మాట విన్నంత మాత్రాన బానిస అయిపోరు.

ఉక్రెయిన్ 1994లో తన నేల మీదున్న అణ్వాయుధాలు వదులుకుంది. బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా మూడూ దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకాలు పెట్టాయి. 2022లో దాని మీదికి వచ్చింది ఆ సంతకం పెట్టినవాళ్ళలో ఒకరే. తర్వాత మిత్రులు క్షిపణులిచ్చారు, ఎంత దూరం కొట్టాలో కూడా వాళ్ళే చెప్పారు. ఖర్దా గుర్తొస్తోందా?

మన సూర్యాపేట సంగతి చెప్పకుండా పోలేను. 2020 జూన్ 15న లడఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన కొట్లాటలో సూర్యాపేటవాడైన కర్నల్ సంతోష్ బాబు సహా ఇరవైమంది చనిపోయారు. అంత గొడవలో తుపాకులు పేలలేదు. చైనాతో 1996లో చేసుకున్న ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదు. అది బయటివాళ్ళు చెప్పిన జాగ్రత్త కాదు, మనం మనకు పెట్టుకున్న కట్టుబాటు. రాళ్ళతో, మేకులు కొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. కట్టుబాటు ఎదుటివాడు పాటించినంతవరకే అని ఆ రాత్రి తేలింది.

చీటీ వచ్చింది. "సార్, మరి మనం ఎవరితోనూ కలవకుండా ఉండాలా?" అని. లేదు నాయనా, అట్లా ఎవరూ ఉండలేరు. 1998 మే నెలలో అణుపరీక్షలు చేసినప్పుడు అమెరికా, జపాన్ ఆంక్షలు పెట్టాయి. మూడున్నరేళ్ళలోపే చాలావరకు ఎత్తేశాయి. 2005 వచ్చేసరికి అదే అమెరికా మనతో అణు ఒప్పందానికి కూర్చుంది. రాకెట్లకు వాడే క్రయోజెనిక్ ఇంజను పరిజ్ఞానం రష్యా ఇస్తానని, 1993లో అమెరికా ఒత్తిడికి వెనక్కి తగ్గింది. మనవాళ్ళు సొంతంగా చేసుకునేసరికి 2014 జనవరి అయింది. ఇరవై ఏళ్ళు పట్టింది. కానీ ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. కలవండి, కొనండి, నేర్చుకోండి. ఏది ఎవరి చేతిలో ఉందో మాత్రం లెక్క రాసిపెట్టుకోండి.

ఎందుకంటే అందరూ వద్దని చెప్పి ఆపరు. మనం తయారుచేసుకుంటున్న యుద్ధ విమానం తేజస్ మార్క్-1ఏ చూడండి. 2021లో అమెరికా కంపెనీ నుంచి 99 ఇంజన్లకు ఆర్డరిచ్చాం. మొదటిది 2025 మార్చిలో చేతికొచ్చింది. ఇక్కడ విమానాలు తయారవుతుంటే ఇంజన్ల కోసం ఎదురుచూపులు. ఆ నాలుగేళ్ళలో మనల్ని ఎవరైనా హెచ్చరించారా? లేదు. ఆంక్ష పెట్టారా? లేదు. పరికరాలు అందలేదు, ఉత్పత్తి లైను మళ్ళీ మొదలుపెట్టాలి అన్నారు. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ ఆలస్యంలో మన సరిహద్దు మీద ఏదైనా జరిగి ఉంటే, మన హక్కు ఆ ఫ్యాక్టరీ షెడ్యూలు మీద ఆధారపడి ఉండేది. సొంత ఇంజను కావేరి ప్రాజెక్టు 1980ల్లో మొదలైంది, ఇంకా తేజస్‌లో కూర్చోలేదు. మిత్రుల హెచ్చరికల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం కదా, నాకు వాటికంటే ఈ ఇంజను సంగతే ఎక్కువ టెన్షన్.

చాయ్ వచ్చినట్టుంది. తాగుతూనే మాట్లాడుకుందాం. ఆ మూలన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంచిన అమ్మాయి, నువ్వు అడుగమ్మా.